సగం పడవ ధర

రాజుల కాలంలో ఒక ఉప్పు రేవులో తాళ్లు పేనే నూకాలుకూ, షావుకారు గవరయ్యకూ కలిపి ఒక సరుకుల పడవ ఉండేది. చెరో సగం వాటా. నూకాలు తన సగాన్ని పదేళ్ల కూలి కూడబెట్టి కొనుక్కుంది.

కోట ఉప్పంతా ఇకమీదట ఆ పడవలోనే వెళ్లబోతోందని గవరయ్యకు ముందుగా తెలిసింది. నూకాలు వాటా కూడా తనదే కావాలనుకున్నాడు. పడవ వాటాలకు సంతలో ధర పలకదు, ఇద్దరూ మాట్లాడుకున్నదే ధర. అందుకని ఆమెను రేవు అధికారి దగ్గరికి పిలిపించాడు.

“చెక్కలు పుచ్చిపోయాయి, తెరచాప చిరిగింది. సగం పడవ అయిదు వరహాలకు మించి చెయ్యదు. అమ్మేయి,” అన్నాడు.

“ఆ మాట తాటాకు మీద రాయించండి బాబూ,” అంది నూకాలు.

గవరయ్య సంబరంగా రాయించాడు.

“సగం అయిదైతే మీ సగమూ అయిదే కదా. నా వెండి కడియాలు అమ్మి ఇప్పుడే కడతాను. మీ వాటా నాకిచ్చేయండి.”

“నా సగం వేరు.”

“పుచ్చిపోని సగం మీదా బాబూ?”

అధికారి నవ్వు ఆపుకుంటూ, “షావుకారుగారూ, ఆ ధరకు అమ్మండి, లేదా చెప్పింది అబద్ధమని ఒప్పుకోండి,” అన్నాడు.

“అదంతా టేకు చెక్కండీ, ఇంకో ఇరవై ఏళ్లు చెక్కుచెదరదు. తెరచాప మొన్ననే మార్పించాం,” అని గవరయ్య నసిగి, నూకాలు వైపు తిరిగాడు. “పోనీ, నీ సగానికి వంద వరహాలిస్తాను.”

“ఇంత మంచి పడవని తెలిశాక ఎవరైనా అమ్ముకుంటారా బాబూ?” అంది నూకాలు.