లాలాగూడలో విన్న టేపు

జయశీల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. చంకలో టేపు డబ్బా ఉంది. తలమీంచి నీళ్ళు కారుతున్నాయి.

"లోపలికి రా," అన్నాడు లోబో మాస్టారు.

"నేనింక పియానో ముట్టను సార్."

మాస్టారు తువ్వాలు అందించాడు.

లోబో మాస్టారు గోవా నుంచి వచ్చి సికింద్రాబాదులో ముసలివాడైన మనిషి. ఒకప్పుడు హోటళ్ళలో జాజ్ వాయించేవాడు. వేళ్ళు వంకర తిరిగాక నేర్పడం మొదలుపెట్టాడు. జయశీల్ చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. జాజ్‌లో హార్డ్ బాప్ అనే పద్ధతి అంటే అతనికి ప్రాణం. అందులో చర్చిలో పెట్టే మొర ఉంటుంది, అమెరికా నల్లజాతివాళ్ళ దిగులుపాట ఉంటుంది, ఆ రెంటినీ వెంటబెట్టుకుని ఉరికే పరుగూ ఉంటుంది.

వాయించేది ముగ్గురు. జయశీల్ పియానో, నసీర్ డ్రమ్ములు, యేసుపాదం డబుల్ బేస్. మనిషంత ఎత్తుండే ఆ తీగల వాయిద్యాన్ని యేసుపాదం భుజానికి ఆనించుకుని వేళ్ళతో మీటేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాట తక్కువ.

ఆ వేసవిలో ముగ్గురూ మద్రాసు వెళ్ళి మొదటిసారి రికార్డు చేసి వచ్చారు. స్టూడియోలో మైకును పియానోకి దగ్గరగా జరిపించింది జయశీలే. "జనం వినేది పియానోనే కదా," అన్నాడు. యేసుపాదం నవ్వి ఊరుకున్నాడు. తిరిగొచ్చాక ఆ టేపును జయశీల్ తెలిసినవాళ్ళందరికీ వినిపించాడు. విన్నవాళ్ళంతా అతని వేళ్ళ వేగాన్ని మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాక యేసుపాదానికి కామెర్లు వచ్చాయి. ముదిరేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది; బతకలేదు.

తువ్వాలు చేతిలో నలుపుతూ జయశీల్ అన్నాడు, "పొద్దున యేసుపాదం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను సార్. కొడుకు వాయించింది వినిపించమంది. నసీర్ వాళ్ళ చిన్న రికార్డరు తీసుకెళ్ళి టేపు పెట్టాను. కదలకుండా మొత్తం వింది. అయిపోయాక..."

తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

"'అంతా నీదే వినొచ్చింది బిడ్డా, మా పిలగాడేడి?' అంది సార్."

మాస్టారు లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. గోడవారగా ఉన్న పెద్ద చెక్క స్పీకరు తీగలు ఊడదీశాడు.

"ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు.

ఇద్దరూ దాన్ని మోసి రిక్షాలోకి ఎక్కించారు. పక్కన మాస్టారి టేపు రికార్డరు. ఇక మనుషులు కూర్చునే చోటు లేదు. మళ్ళీ చినుకులు మొదలైతే మాస్టారు తన కోటు విప్పి పెట్టెమీద కప్పి, రిక్షా వెనకాల తడుస్తూ నడిచాడు. జయశీల్ పక్కన నడుస్తూ పెట్టె జారకుండా పట్టుకున్నాడు.

లాలాగూడ రైల్వే క్వార్టర్సులో యేసుపాదం తల్లి సువార్తమ్మ నేలమీద చాటలో బియ్యం ఏరుతోంది. మూలన డబుల్ బేస్‌కి దుప్పటి కప్పి ఉంది. పెట్టెను చూసి ఆమె కంగారుగా లేచింది.

"ఇదేంది సారూ?"

"పొద్దున మీరు విన్నది చిన్న డబ్బా తల్లీ. అందులో లావు గొంతు పలకదు," అన్నాడు మాస్టారు.

జయశీల్ టేపు ఎక్కించి, తను అందరికీ ముందుగా వినిపించే పాట పెట్టాడు. పియానో గది నిండా మోగింది. మాస్టారు వంగి, సన్న స్వరాలను తగ్గించే మీట పట్టుకుని పూర్తిగా ఎడమకి తిప్పేశాడు.

పియానో పక్కింట్లోకి వెళ్ళిపోయినట్టు వినబడింది. జయశీల్ మొహం వాడిపోయింది.

అడుగు నుంచి బేస్ లేచింది. అలమరలో గిన్నెలు సన్నగా అదిరాయి. మాస్టారు సువార్తమ్మ చేతిని తీసుకెళ్ళి స్పీకరు గుడ్డమీద ఆనించాడు. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. ఒక్క క్షణం చూసి మళ్ళీ తనే పెట్టింది.

"మావోడే," అంది. "ఇంట్ల గిట్లనే అదురుతుండె. నిద్రపోనియ్యవురా అని తిట్టేదాన్ని."

జయశీల్ గోడకి ఆనుకుని విన్నాడు. వినడానికి వేరే ఏమీ మిగల్లేదు. ఈ పాటలో తను కొట్టిన ప్రతి మెట్టూ అతనికి కంఠతా వచ్చు. యేసుపాదం ఏం వాయించాడో ఇప్పుడే తెలుస్తోంది. తొందరపడని మనిషి పక్కన నడిచి వస్తున్నట్టుంది ఆ చప్పుడు.

అందరూ మెచ్చుకున్న వేగం వచ్చింది. పియానో ఎక్కడో దూరంగా ఉరుకుతోంది. ఉన్నట్టుండి బేస్ నడక ఆపేసింది.

జయశీల్ తలెత్తాడు.

పాట తిరగాల్సిన మలుపు ఇంకా ముందుంది. పియానో అప్పటికే తిరిగేసింది. బేస్ ఉన్నచోటే నిలబడి, ఒకే తీగను మెల్లగా మీటుతూ, పియానో ఎటు పోయిందో విన్నది. తర్వాత ఒక్క అంగలో దాన్ని అందుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ కిందనే నడిచింది.

ఆ సంగతి యేసుపాదం ఒక్కసారి కూడా అనలేదు. మద్రాసు నుంచి వచ్చేటప్పుడు రైల్లో జయశీల్ అదే ముక్కను చేత్తో బల్లమీద కొట్టి చూపిస్తూ, ఎంత బాగా వచ్చిందో చెప్పిందే చెప్పాడు. ఎదురు సీట్లో యేసుపాదం పల్లీలు ఒలుస్తూ, తలూపుతూ విన్నాడు. గింజలు సగం ఇతని చేతిలో పోశాడు.

జయశీల్ మాస్టారి వైపు చూశాడు. ఆయన తిరుగుతున్న టేపునే చూస్తున్నాడు.

పాట అయిపోయింది. సువార్తమ్మ స్పీకరు మీంచి చెయ్యి తియ్యలేదు.

"సారూ, నడుమ ఒక్కతాన వాడు ఆగిండు," అంది. "తప్పు వాయించిండా?"

మాస్టారు జయశీల్ వైపు చూశాడు. బయట వాన గట్టిగా పడుతోంది. జయశీల్ వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"లేదమ్మా. తప్పింది నేను. వాడు నాకోసం ఆగాడు."

ఆమె అతని మొహంలోకి చూసింది. మాస్టారు మెల్లగా టేపు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.