పద్మలేఖ చెక్కిన చిలకలు

పిల్లలూ, ఎప్పుడో చాలాకాలం కిందట కలశపురిని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయన ముత్తాత అక్కడ గర్భగుడి కట్టించాడు. తాత వెయ్యిస్తంభాల మండపం కట్టించాడు. తండ్రి వాటి చుట్టూ ఏడు ప్రాకారాలు కట్టించాడు. ఈ రాజు ఏడంతస్తుల గాలిగోపురం మొదలుపెట్టాడు.

ఆరంతస్తులు లేచాయి. గోపురం మీద కలశం నిలిస్తే తన మాయలు సాగవని ఘోరనేత్రుడనే మాంత్రికుడికి భయం పట్టుకుంది. వాడొచ్చి పద్మలేఖను ఎత్తుకుపోయాడు. ఆమె పెద్దశిల్పి కూతురు. తండ్రికి చూపు పోయాక కొలతలన్నీ తెలిసింది ఆమెకే. పని ఆగిపోయింది.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు నూరు ఓడలతో వెళ్లాడు, రాలేదు. రెండోవాడు రెండొందల ఓడలతో వెళ్లాడు, రాలేదు. మూడోవాడు శశివర్మకు చిన్నప్పటినుంచీ శిల్పుల పాకలోనే పొద్దుపోయేది, పద్మలేఖ పని చూస్తూ.

“నేను వెళ్తాను నాన్నగారూ,” అన్నాడు.

“ఇక మిగిలింది నువ్వొక్కడివే నాయనా.”

“ఆమె లేని పాకలోకి నా కాళ్లు పోవడం లేదు.”

గోపురంలో గూడు కట్టుకున్న పావురం దారి చూపిస్తానంది. ఒడ్డున ఒక ముసలి తాబేలు వీపెక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

అక్కడ మాంత్రికుడి కోటలో అచ్చం కలశపురిలో లాంటి మండపమే ఉంది. స్తంభానికో రాతి చిలక. అన్నలిద్దరూ రాతిబొమ్మలై నిలబడున్నారు. పద్మలేఖ నోరు మంత్రంతో కట్టేసి ఉంది.

“ఈ చిలకల్ని ఈ పిల్ల చేతే చెక్కించాను, ఒక్కటి తప్ప,” అని నవ్వాడు ఘోరనేత్రుడు. “ఆ ఒక్కదాన్లో నా ప్రాణం ఉంది. నువ్వు ఒక్క చిలకనే ముట్టుకోవాలి. తప్పితే నువ్వూ రాయివే.”

పద్మలేఖ మాట్లాడలేక ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తింది. శశివర్మకు అర్థమైంది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె చెక్కిన ఈకల గీతలన్నీ కుడివైపుకు వాలుతాయి.

ఒకటో స్తంభం చూశాడు, కాదు. నూరోది చూశాడు, కాదు. ఏడొందలోది చూశాడు, కాదు. చివరి వరసలో ఒక చిలక ఈకలు ఎడమకు వాలి ఉన్నాయి. శశివర్మ దాన్ని పట్టుకుని, అక్కడే పడున్న పద్మలేఖ సుత్తితో మెడ విరగ్గొట్టాడు. ఘోరనేత్రుడు కుప్పకూలాడు. అన్నలు కళ్లు నులుముకుంటూ లేచారు.

“వేరే చిలకను ముట్టుకుని ఉంటే ఏమయ్యేవారు యువరాజా?” అంది పద్మలేఖ, గొంతు తిరిగి రాగానే.

“రాయినై నీ ఎదురుగానే ఉండేవాణ్ణి,” అన్నాడు శశివర్మ. ఆమె తల వంచుకుని నవ్వింది.

అందరూ కలశపురికి తిరిగొచ్చాక ఏడో అంతస్తు లేచింది. కలశాన్ని పైకెత్తేముందు పెద్దశిల్పి రెండు చేతులా తడిమి చూసి, “కొలత సరిపోయింది తల్లీ,” అన్నాడు. ఆ గోపురం కిందే పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ తమ్ముడికే పట్టం కట్టమన్నారు. శశివర్మా పద్మలేఖా అరవై ఏళ్లు ఆ ఊరిని కన్నబిడ్డలా చూసుకున్నారు. వాళ్లు చల్లగా బతికారు, విన్న మీరూ చల్లగా ఉండండి.