మచ్చలేని వజ్రం

గుమ్మళ్ళపాలెంలో దేవుడు తెలివి పంచడం తమ గడప దగ్గర మొదలుపెట్టాడనీ, పక్కింటికి వెళ్ళేసరికి అయిపోయిందనీ గవర్రాజు నమ్మకం. వాళ్ళమ్మ నూకాలమ్మదీ, అన్నయ్య సత్తిరాజుదీ అదే నమ్మకం. ముగ్గురిదీ ఒకటే మాట అయినప్పుడు ఇక అనుమానానికి చోటెక్కడ?

గవర్రాజుకి దమయంతితో సంబంధం కుదిరింది. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. కానీ పిల్ల నాయనమ్మ సీతాయమ్మ ఒక షరతు పెట్టింది. ఆవిడ పెళ్ళిలో వజ్రమని చెప్పి గాజుముక్క ఉంగరం తొడిగారట. యాభై ఏళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

"నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం తేవాలి. అందులో గాజుందని తేలిందో, పిల్లనివ్వం," అంది.

ముగ్గురూ పట్నం వెళ్ళారు. నగల దుకాణం ఆయన మంచివాడు. ఉంగరం చేతిలో పెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"మంచి రాయికి రంగుండదు బాబూ. మచ్చ కంటికి ఆనకూడదు. భూతద్దంలో చూస్తే ఎక్కడో చిన్న చుక్క ఉంటుంది, భూమిలో పుట్టిన రాయి కదా, అది తప్పు కాదు. నోటితో ఊదితే ఆవిరి నిలవదు. మా దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది, పగటి వెలుతురులో చూసుకోండి. ఇక గట్టితనమంటారా, వజ్రాన్ని మించింది లోకంలో లేదు."

ఒకళ్ళు మోయలేనంత పెద్ద మాటైతే ఆ ఇంట్లో పంచుకుని మోస్తారు. వెలుతురు నూకాలమ్మ తీసుకుంది. గట్టితనం సత్తిరాజు తీసుకున్నాడు. రంగూ, మచ్చా, ఆవిరీ గవర్రాజు పుచ్చుకున్నాడు. చిన్న చుక్క సంగతి ఎవరి వాటాకీ రాలేదు. భూతద్దం ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చారు.

అంతే, పరీక్షలు మొదలయ్యాయి. నూకాలమ్మ ఉంగరాన్ని డాబా మీద వడియాల పక్కన ఆరబెట్టింది. కాకి ఎత్తుకుపోతుందేమోనని గవర్రాజు గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం నూకాలమ్మ వచ్చి చూస్తే గొడుగు నీడ సరిగ్గా ఉంగరం మీద పడుతోంది.

"నీడలో వెలుతురు ఎక్కడిదిరా?" అని మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టించింది. మూడు రోజులు ఎండింది. రెండో వైపు పచ్చిగా ఉండిపోతుందని మధ్యమధ్యలో తిరగేశారు కూడా.

తర్వాత సత్తిరాజు వంతు. "గట్టిదో కాదో ముందు పెట్టుకు కూర్చుంటే తెలుస్తుందా?" అని రోకలి అందుకున్నాడు. రోట్లో అప్పటికే నూకాలమ్మ వేయించిన కందిపప్పు పోసింది. మళ్ళీ తీయడం ఎందుకని ఉంగరాన్ని అందులోనే వేశారు. ఒక్క పోటు వేశాడు. ఆ చప్పుడికి ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. ఇంకేముంది, రాయి ఊడి పప్పులో కలిసిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే ఉంగరం విరగలేదు. నూకాలమ్మ సంతోషించి ఆ పప్పునే నిశ్చితార్థానికి కందిపొడి కొట్టేసింది.

గవర్రాజు భూతద్దం పెట్టి చూశాడు.

"అన్నయ్యా, రాయి కనపడ్డం లేదు."

"రంగు కనపడుతోందా?"

"లేదు."

"మచ్చ?"

"లేదు."

"మరింకేం కావాలిరా? ఉన్న కాస్త రంగూ మూడు రోజుల ఎండకి పోయింది."

గవర్రాజు ఊది చూశాడు. ఆవిరి నిలవలేదు. వాడి మనసు కుదుటపడింది.

నిశ్చితార్థం రోజు గవర్రాజు ఇంటికొచ్చిన సీతాయమ్మ ఉంగరం పుచ్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని, చాలాసేపు చూసింది. ఊదింది. చిటికెన వేలు పెట్టి తడిమింది.

"ఇందులో గాజు లేదు. అది మాత్రం ఖాయం," అంది.

ఉంగరం తొడిగారు. "తేలిగ్గా ఉందండీ," అంది దమయంతి మురిసిపోతూ.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. సీతాయమ్మ కందిపొడిలో నెయ్యి పోసి కలిపింది. రెండో ముద్దకి పంటి కింద కటుక్కుమంది. ఆవిడ రాయిని విస్తరి అంచున పెట్టి మొహం చిట్లించింది.

"పప్పులో రాళ్ళు ఏరుకోవడం రాని ఇంట్లో పిల్లనెలా ఇచ్చేది?"

దమయంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గవర్రాజు లేచి ఆ రాయిని మంచినీళ్ళతో కడిగాడు. తళుక్కుమంది. ఊదాడు. ఆవిరి నిలవలేదు.

"వజ్రమేమోనండీ," అంది దమయంతి మెల్లిగా.

"తొందరపడకూడదు," అని గవర్రాజు భూతద్దం తీశాడు. అందరూ తినడం ఆపి చూస్తున్నారు. రాయిని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక మూల, ఆవగింజలో వందో వంతు చుక్క కనపడింది.

"మచ్చుంది. వజ్రం కాదు, ఉత్త రాయే," అని, ఇంకెవరి పంటి కిందకీ రాకుండా బలమంతా ఉపయోగించి పెరటి వెనక కాలవలోకి విసిరేశాడు.

సీతాయమ్మ మొహం విప్పారింది. "రాళ్ళ సంగతి ఇంత తెలిసినవాడికి కాక ఇంకెవరికిస్తాం పిల్లని," అని, ఇంకాస్త కందిపొడి వెయ్యమంది.