ఉప్పుమళ్ల పక్కన చప్పిడి కూడు

నౌపడ ఉప్పుమళ్ల పక్కన కాపురముండే దాలమ్మకు ఎవరేం చెప్పినా సగమే విని లేచిపోయే అలవాటు ఉండేది. మిగతా సగం తనే కల్పించుకునేది. దానికి ఆమె పెట్టుకున్న పేరు చురుకుతనం.

ఆమె భర్త కూర్మయ్య ఉప్పుమళ్లలో పని చేసేవాడు. చుట్టలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు. ఒకసారి కాళ్లు వాచాయి. డాక్టరు వాపు తగ్గడానికి మాత్రలు రాసి, "కూరల్లో ఉప్పు తగ్గించమ్మా. అలాగని..." అన్నాడు. దాలమ్మ అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది.

"నాకు తెలిసిందిలే బాబూ," అంటూ భర్తను నడిపించుకుపోయింది.

ఇంటికి రాగానే ఉప్పు జాడీ అటకెక్కించింది. పథ్యమంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, చప్పిడి. కూర చప్పిడి, చారు చప్పిడి, గంజి చప్పిడి. పైగా మాత్రలు వేడి చేస్తాయని చెంబుల కొద్దీ బార్లీ నీళ్లు తాగించేది. పాపం కూర్మయ్య గుమ్మంలో కూర్చుని, ఎదురుగా తెల్లగా మెరిసే ఉప్పు కుప్పలు చూస్తూ ఆ కూడు మింగేవాడు.

"ఓ రవ్వ ఉప్పెయ్యే," అని బతిమాలేవాడు.

"నోరు కట్టుకోలేవేటి? నీ పేనం కోసమే కదా," అనేది దాలమ్మ.

వానలు పడ్డాక జబ్బు ముదిరింది. దగ్గు, కఫం, ఆయాసం. కూర్మయ్య అన్నం వద్దన్నాడు. పిలిస్తే పలికేవాడు కాదు. పట్టపగలే మగతగా పడి ఉండేవాడు. ఉప్పు వెయ్యలేదని అలిగాడనుకుంది దాలమ్మ. అలక ఎన్నాళ్లో చూద్దామని తనూ బిగుసుకుపోయింది. ఇంతకంటే అన్యాయపు పంతం ఉంటుందా?

ఒక మధ్యాహ్నం గంజి తీసుకువెళ్తే, అతను ఆమె ముఖంలోకి చూసి, "ఎవులమ్మా నువ్వు? మా దాలి ఎక్కడికెళ్లినాది?" అన్నాడు.

దాలమ్మ గిన్నె కింద పెట్టి ఆటో కోసం పరుగెత్తింది. ఆటో ఎక్కించేలోపే అతనికి ఫిట్స్ వచ్చాయి.

రక్తపరీక్ష చూసి డాక్టరు నిర్ఘాంతపోయాడు. "ఈయన రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది. ఇంట్లో ఏం పెడుతున్నావమ్మా?"

"ఉప్పు పడిపోడమేటి బాబూ? ఆయన ఉప్పుమళ్లలోనే పుట్టి పెరిగినాడు," అంది దాలమ్మ. "మీరు మానమన్నారని... చప్పిడే పెట్టినాను."

"తగ్గించమన్నాను. మానమనలేదు. ఊపిరి జబ్బు ముదిరితే ఒంట్లో నీరు నిలిచి రక్తంలో ఉప్పు పలచబడుతుంది. నేనిచ్చిన వాపు మాత్రలతో కొంత పోతుంది. దానికి తోడు నువ్వు చప్పిడి పెట్టి, నీళ్లు పోశావు. ఆ లోటు మెదడును దెబ్బ కొట్టింది."

దాలమ్మ గబుక్కున లేచింది. "అయితే ఇప్పుడే గుప్పెడు ఉప్పు కలిపి తాగించేస్తాను."

"కూర్చో," అన్నాడు డాక్టరు గట్టిగా. "ఒక్కసారిగా పెంచితే మెదడు పాడవుతుంది. మేం కొద్దికొద్దిగా ఎక్కిస్తాం. ఈసారైనా చివరిదాకా విను."

దాలమ్మ కూలబడింది. కట్టుకున్నవాణ్ణి రెండోసారి కూడా తన చేతులతోనే చంపబోయానని తెలిసి ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

కొన్నాళ్లకు కూర్మయ్య ఆమెను గుర్తుపట్టాడు. "దాలీ, గంజిలో..." అన్నాడు. దగ్గు తెర వచ్చింది.

ఉప్పు వేశానని చెప్పబోయి దాలమ్మ నోరు మూసుకుంది. దగ్గు తగ్గేదాకా మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"...సగం నువ్వు తాగు. సిక్కిపోనావు," అన్నాడు కూర్మయ్య.

ఎంత ప్రేమతో చేసినా సగం విన్న మాటతో చేసే సేవ ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఎదుటివారి మాట చివరిదాకా వినాలి.