బర్రెమడుగుకు ఆ పేరెలా నిలిచింది

బర్రెమడుగు ఇవాళ మహానగరం. మేకలకు ఐదు వీధులు, కోళ్ళకో పేట, కుందేళ్ళకు ఇరుకైనా సొంత సందు. ఒకప్పుడు అక్కడ ముళ్ళకంప తప్ప ఏముంది మన మొహం! పెద్ద కరువులో, ఇప్పుడున్న ముసలి బర్రె ఎల్లవ్వ వాళ్ళమ్మమ్మ తడి వాసన పట్టి, కొమ్ములతో నేల కుళ్ళగించి నీళ్ళు తేల్చింది. దాహంతో వచ్చినవన్నీ ఆ మడుగు చుట్టూ గుడిసెలు వేసుకున్నాయి. ఊరికి ఆ పేరే పడింది. ఎండాకాలం మడుగులో పడుకునే హక్కు ఊరు కట్టినోళ్ళ ఇంటిదని పెద్దలు తీర్మానించారు.

కిందటి చలికాలం ఓ నక్క వలస వచ్చింది. ఎండలు ముదిరేసరికి దాని కన్ను మడుగు మీద పడింది. ఓ రోజు రచ్చలో లేచి నిలబడింది.

"ఈ నగరం కట్టింది మా తాత! బర్రె పేరేంటండీ, పక్కూరి గాడిదలు కూడా నవ్వుతున్నాయి. నక్కాపురం అనండి, ఎంత దర్జాగా ఉంటుందో!"

మేకలు తలలు దించుకున్నాయి. గాడిదలు నవ్వడమంటే మాటలా!

"సాక్ష్యమేదయ్యా?" అంది ఊరిపెద్ద కోడిపుంజు.

"కాదనడానికి అప్పటికి మీలో ఎవరైనా పుట్టారా?"

ఎవరూ పుట్టలేదు. రోహిణి ఎండల్లో మడుగు లేకపోతే ముసలి బర్రె బతుకుతుందా? ఎల్లవ్వకు భయమేసింది, ఒళ్ళు మండింది కూడా. అయినా గొంతు పెంచలేదు.

"సరే కొడకా. ఊరు కట్టినోళ్ళ ఇంటి ఆనవాయితీలన్నీ ఇక నీవేనా?"

"అన్నీ నావే పెద్దమ్మా! ఒక్కటి కూడా వదలను!"

"అందరూ విన్నారుగా? అయితే మృగశిర దగ్గర పడింది, పద. ఏటా పూడిక తీసేటప్పుడు మొదట దిగేది ఆ ఇంటోళ్ళే. తొలి బురద ముద్ద నోటితో గట్టుకు తెచ్చాకే మిగతావాళ్ళు దిగుతారు."

కొత్తగా వచ్చిన నక్కకు ఈ సంగతేం తెలుసు? ఊరంతా చూస్తుంటే వెనక్కి తగ్గలేక దూకింది. మడుగు నడుమ బురద బర్రెకు మోకాలి లోతు, నక్కకు మెడ లోతు. తన్నుకున్నకొద్దీ కిందికి పోయింది.

"పెద్దమ్మోయ్! కొమ్ము అందించవే!"

"ముందు చెప్పు. ఊరు కట్టిందెవరు?"

"మీ అమ్మమ్మే! మా తాత ఈ ఛాయలకే రాలేదు, నీ కాళ్ళు మొక్కుతా!"

ఎల్లవ్వ దిగి, దాన్ని కొమ్ములతో ఎత్తి గట్టు మీద పడేసింది. మళ్ళీ వెళ్ళి, తొలి ముద్ద తనే తెచ్చింది. పుంజు గోడెక్కి గొంతు చించుకుంది: "బర్రెమడుగుకూ!" మేకలు, కోళ్ళు, కుందేళ్ళు అన్నీ "జై!" అంటూ బురదలోకి ఉరికాయి. గాడిదలు నవ్వితే నవ్వనీ అనుకున్నాయి. నక్క మాత్రం తోక పిండుకుంటూ ఊరి పొలిమేర దాటింది. దాని తాత పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పేరు చెప్పుకోవడానికి నోరుంటే చాలు, నిలబెట్టుకోవడానికి మాత్రం బురదలో దిగాలి.