పలుకుండగానే దించిన నూడుల్స్

భీమిలిలో ఎస్తేరమ్మగారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళ చేతిలో గరిటో, కత్తిపీటో, పిండి జల్లెడో పెట్టి, తాను ముందు వంటింట్లోకి నడిచేవారు. మనసుకి శాంతి ఎలా దొరుకుతుందని అడిగిన ఒక పెద్దమనిషి చేత గంపెడు ఉల్లిపాయలు ఒలిపించి పంపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. శాంతి సంగతేమో గానీ, ఆ రోజు ఎస్తేరమ్మగారి ఉల్లిపాయల పని మాత్రం తీరిపోయింది.

మిషన్ వాళ్ళ అతిథిగృహంలో చాలాకాలం వంట చేసి, పెద్దవయసులో తన ఇంట్లోనే ఆడవాళ్ళకి వంట నేర్పేవారావిడ. వచ్చినవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళిపోయేవారు. వెళ్ళనిదల్లా నూకరత్నం. పనిలో ఆమెకి సాటి లేదు, పట్టుదలలో అసలే లేదు. పట్టిన పని అంతు చూడకుండా చెయ్యి కడుక్కునేది కాదు. ముఖ్యంగా ఉడకడం విషయంలో ఆమెతో వాదించడం ఎవరి తరమూ కాదు.

దానికో కారణముంది. పెళ్ళికాని రోజుల్లో, దగ్గర చుట్టాలింట పెళ్ళి భోజనాలకి అన్నం వార్చే పని ఆమెకి అప్పగించారు. తొందరలో ముందే వార్చేసింది. మెతుకు నడుమ పలుకు మిగిలింది. మొదటి బంతిలో మగపెళ్ళివారు ఒక్క ముద్ద నోట పెట్టి, విస్తళ్ళు వదిలి లేచిపోయారు. "చేతకానిదానికి గంటె ఎవరిచ్చారే?" అని మేనత్త అందరిముందూ అరిచింది. ఆ మాట రత్నం మనసులోంచి పోలేదు. తన పొయ్యి మీంచి ఏదీ పచ్చిగా దిగకూడదని ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

ఆ ఏడు వానలు తగ్గాక, కొండమీద ఆడపిల్లల హాస్టలు వార్డెనమ్మ సరుకుల కోసం భీమిలి వచ్చి, ఎస్తేరమ్మగారింట భోజనం చేసింది. రత్నం చేతి వంట తిని, తమ హాస్టలుకి పెద్ద వంటమనిషిగా పంపమని అడిగింది. అక్కడ వంటమనిషి మానేసింది. పిల్లలు నీళ్ళ పప్పూ, మాడిన అన్నమూ తింటున్నారట. గురువారం మధ్యాహ్నం జీపు వస్తుంది. రత్నం ఎక్కితే సరి, లేకపోతే ఇంకెవరినో చూసుకుంటారు.

తనదంటూ ఒక వంటిల్లు ఉండాలని రత్నానికి ఎంత ఆశో చెప్పలేను. ఆ ఆశకి రెండింతలు భయం. బుధవారం పొద్దున్నే గురువుగారి ముందు నిలబడి అడిగేసింది.

"అమ్మగోరూ, నాను పూర్తిగా ఎప్పటికి తయారవుతానో సెప్పండి. ఇంకో ఏడాది మీకాడే ఉండి, అంతా నేర్సుకునే ఎల్తాను. ఆ జీపుని ఒట్టిదే పంపీయండి."

ఎస్తేరమ్మగారు ఆమె చేతిలో అప్పడాల కర్ర పెట్టారు. "క్యాసరోల్ చెయ్యి," అన్నారు.

పేరు విని కంగారు పడక్కర్లేదు. మైదాలో గుడ్డు కొట్టి కలిపి, పల్చగా ఒత్తి, సన్నగా కోసి ఆరబెడితే ఇంటి నూడుల్స్. వాటికి ఉడికించి ఎముక తీసిన కోడిమాంసం, బఠాణీలు, వెన్నలో మైదా వేయించి పాలూ కోడి ఉడికిన నీళ్ళూ పోసి కాచిన తెల్ల సాసు, గుప్పెడు మీగడ కలపాలి. అంతా లోతైన పింగాణీ పాత్రలో సర్ది, పైన రొట్టెపొడీ చీజు తురుమూ చల్లి ఓవెన్లో పెట్టాలి. మిషన్ బంగళాలో ఆదివారం ఆరాధన అయ్యాక తినే వంట అది. బాగా కుదిరితే చెంచా పెట్టగానే మీగడలా జారాలి. రత్నం ఎన్నో వంటలు నేర్చింది గానీ ఇది మాత్రం ఎప్పుడూ గురువుగారే చేసేవారు.

ఆ రోజు రత్నం ప్రాణం పెట్టి చేసింది. నూడుల్స్ వేలితో నొక్కి నొక్కి చూసి, ఎక్కడా పలుకు లేకుండా ఉడికించింది. సాసు పల్చగా ఉంటే ఉడకనట్టేనని, గరిటెకి ముద్దలా అంటుకునేదాకా తిప్పింది. లోపం ఎక్కడా లేదనుకున్నాకే ఓవెన్లో పెట్టింది. బయటికి తీస్తే సర్వనాశనం. నూడుల్స్ ఉన్న సాసంతా తాగేసి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మీగడ జాడ లేదు. గరిటె గుచ్చితే గరిటె అలాగే నిలబడింది.

ఎస్తేరమ్మగారు ఒక చెంచా తిని, నీళ్ళు తాగారు. "రేపు పొద్దున్న మళ్ళీ చెయ్యి," అన్నారు. ఎక్కడ తప్పిందో చెప్పలేదు. రత్నానికి ఒళ్ళు మండింది. అయినా సాయంత్రం వెలుతురుండగానే కొత్త పిండి కలిపి, ఒత్తి, కోసి, గుడ్డ మీద ఆరబెట్టింది. ఈసారి ఎలాగైనా కుదరాల్సిందే అనుకుంది. ఈ వంట కూడా రానిదాన్ని కొండెక్కి ఏం చేస్తానని మరోపక్క అనుకుంటూనే ఉంది.

గురువారం పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడి, మరుగుతున్న నీళ్ళలో నూడుల్స్ వేసింది. అవి ఇంకా బిరుసుగా ఉన్నాయి. అంతలో ఎస్తేరమ్మగారు వెనకనుంచి వచ్చి, గుడ్డతో గిన్నె పట్టుకుని, చిల్లుల పళ్ళెంలోకి వార్చబోయారు.

రత్నం ఆవిడ చెయ్యి పట్టుకుంది. గురువు చెయ్యి పట్టుకుని ఆపడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు.

"అవి ఉడకనేదండి అమ్మగోరూ! నడుమన పలుకు అలాగే ఉంది. మనుసులకెట్టే తిండండి అది!"

"తెలుసు. వదులు."

దమ్ బిరియానీకి బియ్యం ముప్పాతిక ఉడకగానే దించాలని రత్నానికి తెలియంది కాదు. కానీ అది బిరియానీ మాట. తెలిసిన సంగతి అవసరానికి తట్టకపోవడం ఎంత చదివినవాళ్ళకైనా ఉన్నదే. పైగా ఆ క్షణంలో ఆమె కళ్ళముందు గిన్నె లేదు, లేచిపోతున్న బంతి ఉంది. ఆమె వేళ్ళు వదలడానికి కాస్త సమయం పట్టింది. ఎస్తేరమ్మగారు తొందరపెట్టలేదు, చెయ్యీ లాక్కోలేదు. చివరికి రత్నమే వదిలింది.

సాసు దగ్గరా అదే తంతు. జావలా ఉండగానే ఆవిడ మంట ఆర్పేశారు.

"ఇది జావండి," అంది రత్నం.

"జావే," అన్నారావిడ.

బిరుసు నూడుల్స్ జావలాంటి సాసులో మునిగి ఓవెన్లోకి వెళ్ళాయి. రత్నం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఏమవుతోందో చూడాలని ఆమె చెయ్యి ఎన్నిసార్లు తలుపు పిడి మీదికి వెళ్ళిందో, అన్నిసార్లూ వెనక్కి తీసుకుంది. లోపల చెడిపోతున్నట్టే అనిపించింది. అలా చేతులు కట్టుకు కూర్చోవడం కన్నా బస్తా పిండి కలపడం తేలిక అని ఆమె తర్వాత నాతో చెప్పింది.

బయట జీపు హారన్ మోగింది. ఎస్తేరమ్మగారు డ్రైవర్ అప్పన్నని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, పాత్ర బయటికి తీశారు. పైన బంగారు రంగు తిరిగింది, అంచుల్లో సాసు కుతకుతలాడుతోంది. కాసేపు ఆరనిచ్చి వడ్డించారు. నూడుల్స్ విడివిడిగా ఉన్నాయి, మెత్తగా ఉన్నాయి, మీగడతో కలిసి చెంచాలోంచి జారుతున్నాయి. రత్నం నమిలి నమిలి వెతికింది. పలుకు ఎక్కడా లేదు. అప్పన్న మూడోసారి పళ్ళెం చాపాడు.

రత్నానికి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళూ దేనికి భయపడిందో, ఆ పచ్చిగా దించినదాన్నే కడుపునిండా తిన్నది మరి. చెంచా కింద పెట్టింది. తర్వాత లేచి, పళ్ళేలు కడిగి బోర్లించి, చీర చెంగు నడుముకి దోపుకుని, గదిలోంచి తన సంచీ తెచ్చుకుంది.

"ఎల్తానండి అమ్మగోరూ," అంది. "తప్పులు సేత్తానేమో. సేసినా దిద్దుకుంటాను. ఆ పిల్లలకి ఈ రాత్రికే నా సేతి అన్నం పెడతాను."

ఎస్తేరమ్మగారు వీధిదాకా వచ్చారు. జీపెక్కి కూర్చున్నాక రత్నం ఆగలేక అడిగింది.

"ఒక్కటి సెప్పండి. ఆ నూడుల్స్ లోన పలుకు ఎప్పుడు పోయిందండి?"

ఈసారి ఆవిడ చేతికి ఇవ్వడానికి గరిటె లేదు. అందుకేనేమో నోటితోనే జవాబు చెప్పారు.

"నేనెక్కడ చూశానే? తలుపు వేసి ఉంది కదా."