రెండు చెవులకు రెండు తొడుగులు

ఇయర్‌ఫోన్లు మంచివో కావో దేన్నిబట్టి చెప్పాలని వకుళ తన గురువుగారిని అడిగింది. అలా అడగడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ రంగాచారిగారు విననట్టే కాఫీ తాగుతూ కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు మద్రాసు స్టూడియోల్లో పాటలు రికార్డు చేసిన మనిషి ఆయన. ఇప్పుడు తెనాలిలో చిన్న గది తీసుకుని, ఇయర్‌ఫోన్లు బాగుచేస్తూ, తెచ్చినవాళ్ళ చెవులకు సరిగ్గా అమర్చిపెడుతూ కాలక్షేపం చేస్తున్నారు. నోటితో చెప్పి నేర్పడం తనకు చేతకాదని ఆయనే ఒప్పుకుంటారు.

వకుళ కూడా ఏమంత తక్కువది కాదు. బజారులోకి కొత్తగా వచ్చిన ప్రతి జతనూ విని, ఒక వెబ్‌సైటులో మార్కులు వేసే ఉద్యోగం ఆమెది. మంద్రానికి ఇన్ని, తారస్థాయికి ఇన్ని, గొంతు స్పష్టతకు ఇన్ని అని లెక్క. ఆ మార్కులు చూసి కొనేవాళ్ళు వేలమంది. అయినా లోపల ఒక దిగులు ఆమెను తినేస్తూ ఉండేది. పదికి తొమ్మిది వేసిన జతను కూడా, ఇదేం సౌండని తిట్టిపోసేవాళ్ళు ప్రతిసారీ కొందరు తేలేవారు. వాళ్ళకు వినడం రాదని కొన్నాళ్ళు సరిపెట్టుకుంది. సరిపెట్టుకోలేకే చివరికి ఈ గదికి వచ్చి చేరింది.

ఆమె మూడోసారి అడిగిన ఆ ఉదయమే కోటిలింగం అనే లారీ డ్రైవరు వచ్చాడు. వెంట అతని అక్క ఆదెమ్మ, మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని. నాలుగు నెలల కిందట ఆవిడ గొంతుకు ఆపరేషను చేశారు. ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది. తల్లిలేని తమ్ముణ్ణి కథలు చెప్పి, అన్నం తినిపించి పెంచిన గొంతు అది. ఆపరేషనుకు ముందు వారం రోజులు ఓపికగా కూర్చుని, ఆ కథలన్నీ తమ్ముడి ఫోనులో చెప్పిపెట్టింది. ఇక ఆ గొంతు ఈ లోకంలో ఉన్నది ఆ ఫోనులోనే. స్పీకరులో పెడితే రేకుడబ్బాలోంచి వచ్చినట్టుందని, కోటిలింగం మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాడు. వకుళ తొమ్మిది మార్కులు వేసిన జతే అది.

"ఇది మా అక్క గొంతు కాదండి," అన్నాడతను. "మా అక్కది బొంగురు గొంతు. ఇందులో ఎవరో సన్నగా కీచుమంటున్నారు."

ఆ మాటకు ఆదెమ్మ మొహం పాలిపోయింది. ఫోనులో దాచిందీ దక్కలేదనుకుంది పాపం.

వకుళ వాటిని తుడిచి తన చెవుల్లో పెట్టుకుని వింది. నిండైన గొంతు, దిగువ స్వరంలో చక్కటి బరువు, ఎక్కడా వంక లేదు. తన తొమ్మిది మార్కులూ న్యాయమేనని తేలిన సంబరంలో ఆమె నోరు జారింది. ఇయర్‌ఫోన్లు బాగున్నాయి, రికార్డింగూ బాగుంది, తేడా మీ వినికిడిలోనే ఉండి ఉంటుంది, డాక్టరుకు చూపించుకోండి అంది. పాతికేళ్ళుగా ఇంజను పక్కన కూర్చున్నవాడికి ఆ మాట నమ్మడం కష్టం కాలేదు. కోటిలింగం ఫోను జేబులో పెట్టుకుని, ఇక నాకు ప్రాప్తం లేదులే, పోదాం పదక్కా అని లేచాడు. గెలిచింది తానే అయినా వకుళకు ఆ గెలుపు రుచించలేదు.

రంగాచారిగారు అతన్ని మళ్ళీ కూర్చోమన్నారు. ముందు నోట్లో నములుతున్న కిళ్ళీ ఉమ్మేసి రమ్మన్నారు. దవడ ఆడుతుంటే చెవిలో ఏదీ కుదురుగా నిలవదట. తర్వాత చిన్న టార్చి వేసి అతని రెండు చెవుల్లోకీ చాలాసేపు చూశారు. ఇన్ని వందల జతలు విన్న వకుళ, ఎదుటిమనిషి చెవిలోకి ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. ఆయన డబ్బా వెతికి, ఇయర్‌ఫోన్ల చివర ఉండే రబ్బరు తొడుగులు మార్చారు. కుడివైపు పెద్దది పెట్టారు, ఎడమవైపు అంతకంటే చిన్నది. జత అన్నాక రెండూ ఒకే సైజు ఉండాలి కదా మాస్టారూ అని వకుళ అడ్డం వచ్చింది.

"ఆ సంగతి ఆయన చెవులకు ఎవరూ చెప్పలేదమ్మా," అన్నారు ఆయన.

చెవి పైఅంచును కాస్త లాగి పట్టుకుని, తొడుగును మెల్లగా తిప్పుతూ లోపలికి అమర్చారు. పిసరంత సందున్నా మంద్రమంతా చిల్లికుండలో నీళ్ళలా కారిపోతుంది, మిగిలేది కీచుదనమే అని మాత్రం అన్నారు. ఆ తర్వాత ఫోను ఆదెమ్మ చేతికిచ్చి, మీరే నొక్కండమ్మా అన్నారు. ఆవిడ నొక్కింది.

కోటిలింగం మొదట కనుబొమలు ముడిచాడు. కాసేపటికి అతని భుజాలు సడలాయి. ఇంకాసేపటికి "ఊఁ" అన్నాడు. కొంచెం ఆగి మళ్ళీ "ఊఁ" అన్నాడు. యాభై ఐదేళ్ళ మనిషి గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని, అన్నం ముద్ద కోసం కూర్చున్న పిల్లాడిలా ఊఁ కొడుతున్నాడు. కథలో గాడిద పెళ్ళిచూపులకు బయల్దేరిన చోటేదో వచ్చినట్టుంది, తనలో తనే నవ్వుకున్నాడు కూడా. ఆదెమ్మ తమ్ముడి మొహం వైపే కళ్ళార్పకుండా చూస్తోంది. సరిగ్గా వినిపిస్తోందా అని అడగడానికి మాట లేదు గనక, అతని మోచేయి మీద తట్టింది.

"ఉండక్కా," అన్నాడు అతను కళ్ళు తెరవకుండానే. "అక్క చెబుతోంది."

ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో, చప్పుడు లేదు గనక వకుళకు తెలియలేదు. తనకు మాత్రం ఏడుపే వచ్చింది. ఇందాక తానన్న మాటకు సిగ్గుపడి, ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ మార్కులు రాసుకునే పుస్తకం తెరిచింది. ఇప్పుడు సౌండ్ ఎలా ఉందో ఆయన్ని అడిగి రాసుకోనా అని గురువుగారి దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది.

"కథ అయిపోనీ అమ్మా," అన్నారు రంగాచారిగారు. "ఇప్పుడు అడిగితే, చెవిలో ఏదో ఉందని ఆయనకు గుర్తొస్తుంది."